తిరగేసిన మూడో ఫిలిం

నా చిన్నప్పుడు విజయనగరంలో మా ఇంటి వెనకవైపు, కిటికీలు మూసేసి సందులన్నిట్లోనూ నల్లగుడ్డలు కుక్కిన గది ఒకటుండేది. మిగతా పిల్లలు చీకటంటే జడుసుకునే వయసులో నేను ఆ చీకట్లోకి వెళ్ళడానికి పోట్లాడేదాన్ని. మా తాతయ్య ఫోటోలు తీసేవాడు. వీధి వైపు గది స్టూడియో, వెనక గది ఫిలింలకి. మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టే పెద్ద చెక్క కెమెరా ఆయనది. అందులోకి ఫిలిం చుట్ట ఎక్కదు. పోస్టుకార్డంత ఫిలిం ముక్కలు విడివిడిగా వచ్చేవి. ఒక్కో బొమ్మకి ఒక్కో ముక్క. వాటిని చీకట్లో తడుముకుంటూ చెక్క హోల్డర్లలోకి తొయ్యాలి, ముందు ఒకటి, వెనక ఒకటి.

ఆ పని నాది. ఎనిమిదేళ్ళప్పుడే నేర్చుకున్నాను. ఫిలింకి ఒక మూల చిన్న గంటు ఉంటుంది. ఆ గంటు కుడిచేతి పై మూలకి వచ్చేలా పట్టుకుంటే మందు పూసిన వైపు మన ముఖం వైపు ఉన్నట్టు. ఆ వైపు పైకి ఉండేలా తోస్తే బొమ్మ పడుతుంది. తిరగేసి తోస్తే పాడవుతుంది. "మా గుంటకి సేతేళ్ళ కొసని కళ్ళున్నాయి" అని తాతయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట వినడానికి నేను ఏదో ఒక వంకతో స్టూడియో గుమ్మంలోనే తిరుగుతుండేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు మా వదిన వచ్చింది. మా మేనత్త కూతురు, నాకంటే ఏడాదిన్నర పెద్దది. వాళ్ళది సాలూరు. మావయ్య లారీ మీద పోతే పదిహేను రోజులకో, ఇరవై రోజులకో ఇంటికొచ్చేవాడు. అత్త మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారి మంచం దిగడానికి వీల్లేదంది డాక్టరమ్మ. అందుకని కానుపయ్యేదాకా వదినని మా ఇంట్లో ఉంచారు.

వదిన రావడం, తాతయ్యకి కలకత్తా నుంచి ఒక కొత్త హోల్డరు రావడం ఒక్క వారంలోనే జరిగాయి. కొత్తదంటే ఎవరో వాడి అమ్మిందే. చిన్న ఇనప డబ్బా లాంటిది. లోపల సొరుగులో పల్చటి రేకు పళ్ళేలు ఆరు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కో పళ్ళెంలో ఒక్కో ఫిలిం. బొమ్మ తీశాక సొరుగుని లాగి తోస్తే ముందున్న పళ్ళెం వెనక్కి వెళ్ళిపోయి తరవాతది ముందుకొస్తుంది. చిన్న కంతలో అంకె మారుతుంది. చెక్క హోల్డరుతో అయితే ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య దాన్ని తీసి, తిప్పి, మళ్ళీ పెట్టేసరికి చంటిపిల్లలు ఏడుపు లంకించుకునేవారు. ఇప్పుడు ఒక లాగుడు, ఒక తోపుడు, అంతే.

తాతయ్య మొదట నాకే ఇచ్చాడు. ఆ సంగతి దాచను. ఆత్రంలో నేను రెండో పళ్ళెం సరిగ్గా కూర్చోకుండానే సొరుగు తోసేశాను. రేకు అంచు వంగిపోయింది. దాన్ని సరిచెయ్యడానికి తాతయ్యకి ఒక పూట పట్టింది. ఆ తరవాత వదినకిచ్చి చూశాడు. తను మాట్లాడకుండా, తొందరపడకుండా ఆరూ ఎక్కించేసి, సొరుగు మూసి, "అయిపోనాది తాతయ్యా" అంది. ఆ రోజు నుంచి ఆ హోల్డరు వదినదైపోయింది. నాకు పాత చెక్కవి మిగిలాయి.

అప్పటి నా కుళ్ళు ఎలాంటిదో ఇప్పుడు చెప్పాలంటే కూడా సిగ్గుగా ఉంది. తను అన్నం తింటుంటే నా కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. తన జడ పొడుగుని చూసి ఏడ్చాను. సాలూరు నుంచి మావయ్య పంపిన పనసతొనలు తను నాకు సగం పెడితే, పెద్ద సగం తనే ఉంచుకుందని మనసులో లెక్కగట్టాను. తనది ఎడమచేతివాటం. అన్నం మాత్రం కుడిచేత్తో తినేది, రాత, కుట్టు, పువ్వులు గుచ్చడం అన్నీ ఎడమచేత్తోనే. ఫిలింలు కూడా అంతే. నేను గంటుని పై మూలకి పెడితే తను తలకిందులుగా పట్టుకుని, ఎడమచేతి కింది మూలకి వచ్చేలా పెట్టేది. అలా పెట్టినా మందు వైపు సరిగ్గానే ఉంటుంది. అయినా "వదిన తప్పు పెడతన్నాది తాతయ్యా" అని చాడీ చెప్పాను. ఆయన ఒక ఫిలిం తీసి చూసి, "తప్పేటే? దాని లెక్క దానిది" అని నవ్వేశాడు. ఆ నవ్వు నాకు చెంపదెబ్బలా తగిలింది.

ఆ రోజుల్లోనే పొందూరు నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ళమ్మ నూలు వడుకుతుందట. పెద్దదైపోయింది, ఇంతవరకూ ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు, స్టూడియోకి రమ్మంటే ఇల్లు కదలదు, మీరే రావాలన్నాడు. తాతయ్య సరేనన్నాడు. ముందురోజు మధ్యాహ్నం వదిన ఆరు ఫిలింలూ ఎక్కించి, హోల్డరు చీకటి గదిలోనే బల్ల మీద పెట్టి, పక్కింటి చెల్లాయమ్మగారి పంపు దగ్గర నీళ్ళు పట్టడానికి వెళ్ళింది. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఒక్కటి చాలనుకున్నాను. ఒక్కటి పాడైతే వదిన చెయ్యి కూడా తప్పుతుందని తాతయ్యకి తెలుస్తుంది. సొరుగు విప్పి, వేళ్ళతో లెక్కపెట్టి, మూడో పళ్ళెంలో ఫిలిం తీసి తిరగేసి పెట్టాను. ఆ పనిలో నా నేర్పుకి నాకే గర్వం వేసింది.

పొద్దున్న పాసింజరు బండిలో పొందూరు వెళ్ళాం. నేను నల్లగుడ్డ మోశాను, వదిన హోల్డరున్న సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ముసలమ్మ తన ఇంటి వసారాలో చేప దవడ ఎముకతో పత్తి దువ్వుకుంటోంది. మమ్మల్ని చూడగానే దువ్వడం ఆపేసి, సూదిమందు పొడిపించుకోబోయే మనిషిలా బిగుసుకుపోయింది. తాతయ్య ఎంత బతిమాలినా ఆ ముఖం సడలలేదు. మొదటి బొమ్మ అలాగే తీశాడు. రెండోదీ అంతే. వదిన సొరుగు లాగి తోసినప్పుడల్లా లోపల రేకులు గలగలమనేవి. ముసలమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఏటే గుంటా ఆ సప్పుడు? ఆ పెట్లోన ఎలక గానీ ఉన్నాదేటి?"

"ఉన్నాది మామ్మా," అంది వదిన చాలా పెద్దరికంగా. "ఇప్పటికి నీ బొమ్మలు రెండు తినీసింది."

ముసలమ్మ నోట్లో పన్ను లేదు. ఆ నోరంతా తెరిచి, కళ్ళు రెండు గీతలైపోయేలా నవ్వింది. భుజాలు ఊగిపోయాయి, ఒళ్ళో పత్తి పింజె కింద పడిపోయింది. తాతయ్య అలాంటి క్షణాన్ని వదిలే మనిషి కాదు. తీసేశాడు. అది మూడోది.

ఆ నవ్వు పాడైన ఫిలిం మీదికి పోయిందని ఆ వసారాలో నాకొక్కదానికే తెలుసు. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. "తాతయ్యా, మళ్ళీ తియ్యి" అని ఒక్క మాట అంటే చాలు, నాలుగోది చేతికి సిద్ధంగా ఉంది. నోటిదాకా వచ్చింది. కానీ ఆ నవ్వు తెప్పించింది వదిన. తాతయ్య తన వైపు చూసి కళ్ళతోనే మెచ్చుకున్నాడు. నా నోరు మూసుకుపోయింది. ఫిలిం తిరగేసినదాని కంటే ఆ మూసుకున్న నోరే నన్ను ఇన్నేళ్ళూ ఎక్కువ బాధపెట్టింది. వదిన మళ్ళీ సొరుగు లాగేసరికి ముసలమ్మ కొంగుతో నోరు తుడుచుకుని మళ్ళీ బిగుసుకుపోయింది.

మర్నాడు తాతయ్య ఫిలింలు కడిగి తీగకి వేలాడదీశాడు. అయిదు శుభ్రంగా వచ్చాయి. ఒక్కటి పొగలో కూర్చున్న మనిషిలా, ఉందా లేదా అన్నట్టు పడింది. వదిన చూసి కొయ్యబారిపోయింది. "నేనే తిరగేసి పెట్టీసినట్టున్నాను తాతయ్యా" అని ఏడుపు మొదలెట్టింది. మా నాయనమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఎడంసెయ్యి పెట్టిన పని ఎక్కడ సక్కగవుద్ది? నేను ముందే సెప్పలేదా?" అంది. తాతయ్య ఫిలింలు వెలుతురుకి పట్టుకుని ఒకదాని తరవాత ఒకటి చాలాసేపు చూశాడు.

పొందూరాయన వచ్చి, బిగుసుకున్న బొమ్మల్లో ఒకటి ఏరుకుని, మా అమ్మ అచ్చం ఇలాగే ఉంటాదని సంతోషంగా పట్టుకెళ్ళాడు. ఇంకోసారి వచ్చి తీస్తానని తాతయ్య చెప్పి పంపితే, ఒక్కసారి సాలు, నన్నొదిలీమని ముసలమ్మ కబురు పెట్టింది.

వదిన ఆ తరవాత హోల్డరు ముట్టుకోలేదు. తాతయ్య పిలిచినా, "నా సెయ్యి మంచిది కాదు" అని తప్పుకునేది. ఇంట్లో అందరూ తనని ఊరుకోబెట్టేవారు. మా అమ్మ తల నిమిరేది. నమ్ముతారో లేదో, నాకు తన ఏడుపు మీద కూడా కుళ్ళొచ్చింది.

రెండ్రోజులాగి తాతయ్య నన్ను స్టూడియోలోకి పిలిచాడు. బల్ల మీద తెల్లకాగితం పరిచి ఆరు ఫిలింలూ వరసగా పెట్టాడు. "గంటు ఎటున్నాదో సూడు" అన్నాడు. చూశాను. అయిదింటికి ముసలమ్మ తల వైపు ఉంది. పొగలా ఉన్నదానికి మాత్రం కాళ్ళ వైపు ఉంది. కెమెరాలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి కిందికి పెట్టిన గంటు తల వైపు వస్తుంది, పైకి పెట్టినది కాళ్ళ వైపు. వదిన గంటుని ఎప్పుడూ కిందికే పెడుతుంది. నేను పైకి పెడతాను. ఆ రోజు ఫిలిం తిరగేసినప్పుడు కూడా అలవాటు కొద్దీ నా వేళ్ళు దాన్ని పై వైపుకే పెట్టాయి.

కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆయన ఆరు ఫిలింల హోల్డరు తీసి నా చేతుల్లో పెట్టాడు.

"ఇది ఇంక నీదే. ఎక్కించడం నీకు బాగా వచ్చును. ఎటు పెడితే ఏటవుతాదో అదీ నీకు బాగా వచ్చును."

అంతే. ఫిలింలు కవర్లో పెట్టేసి తన పనిలోకి వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పలేదు, చెప్పమని నన్ను కూడా అనలేదు. నాకు కావలసింది నా చేతుల్లో ఉంది. దాన్ని పట్టుకుని ఆ గదిలో నిలబడ్డాను. ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

ఆ సాయంత్రం బడి లెక్కలు చేసుకుంటూ వదిన పెరటి అరుగు మీద కూర్చుంది. నేను గుమ్మంలోంచి చూశాను. పలక మీద కుడిచేత్తో రాస్తోంది. అక్షరాలు ఒంటికాలి మీద నడుస్తున్నట్టు అటూ ఇటూ ఒరిగిపోతున్నాయి. చెరిపేసి మళ్ళీ రాస్తోంది. ఎడమచెయ్యి ముందుకి రాకుండా దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. అది చూశాక నేను నిలబడలేకపోయాను. వెళ్ళి ఎదురుగా కూర్చుని, తల ఎత్తకుండా, మొత్తం చెప్పేశాను. చీకటి గది సంగతి, వసారాలో నోరు మూసుకున్న సంగతి, అంతా.

వదిన తొడ కింద నుంచి ఎడమచెయ్యి తీసి నా చెంప మీద ఒక్కటిచ్చింది. ఎంత గట్టిగా ఇచ్చిందంటే పలక కింద పడి అంచు ఊడింది.

"కుళ్ళొస్తే నాతోటి సెప్పాలి గానీ ఫిలిం ఏటి సేసిందే నిన్ను? ఆ ముసలమ్మ ఏటి సేసింది?" అంది. అని, నా చెయ్యి పట్టి లాక్కుపోయి నాయనమ్మ ఎదర నిలబెట్టింది. అక్కడ కూడా చెప్పాను. నాయనమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇప్పుడు రాయడానికి వీలు కాదు. కానీ ఆ రోజు నుంచి ఎడమచెయ్యి మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు హోల్డరు తీసుకెళ్ళి వదిన ముందు పెట్టాను. నెల రోజులపాటు తను నాతో మాట్లాడలేదు. ఆ నెలంతా ఫిలింలు మాత్రం తనే ఎక్కించింది. అత్తకి మగపిల్లాడు పుట్టాక మావయ్య లారీ తెచ్చి మా వీధిలో ఆపాడు. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి వంగి, "ఒసే, సెలవలకి వస్తావా?" అంది. వెళ్ళాను. తరవాత ప్రతి సెలవలకీ వెళ్ళాను.

ముసలమ్మ నవ్వు మాత్రం తిరిగి రాలేదు. దాన్ని చూసినవాళ్ళం ముగ్గురం, ఇప్పుడు ఇద్దరమే మిగిలాం.

నాకు డెబ్భై దాటాయి. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఎదుటివాళ్ళ పిల్లల ఉద్యోగాలు, ఎదుటివాళ్ళ పళ్ళు, ఎదుటివాళ్ళ నిద్ర, దేని మీదైనా వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని లోపల పెట్టుకుని తలుపేసుకోను. ఎవరి మీద వచ్చిందో వాళ్ళతోనే చెప్పేస్తాను. కొందరు నవ్వుతారు, కొందరు మొహం ముడుచుకుంటారు, చెప్పేశాక మాత్రం నా చేతులు వేరే పనికి తిరుగుతాయి. మొన్న వదిన ఫోన్ చేసి, కర్ర సాయం లేకుండా కొండ మెట్లన్నీ ఎక్కి దేవుణ్ణి చూసొచ్చానంది. మా ఇంటి గడప దాటడానికే నేను గోడ పట్టుకుంటాను.

"వదినా, నాకు కడుపు మండిపోతన్నాది" అన్నాను.

"సెప్పీసినావు కదా," అంది తను. "ఇంక మోకాళ్ళకి నూని రాసుకుని పడుకో."

రాసుకుని పడుకున్నాను.