పదిహేడో నంబరు గుర్రం నడక

మేడ్చల్ వైపు ఒక ప్రభుత్వ పశువైద్యశాలలో నేను సహాయ సంచాలకురాలిగా పనిచేస్తున్న రోజులవి. పదవీ విరమణకు ఇంకా పది నెలలు ఉన్నాయనగా, కార్తీక మాసం పెళ్లిళ్లు ముమ్మరంగా సాగుతున్న ఒక ఆదివారం, శామీర్‌పేటలో జరిగే గుర్రాల ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా వెళ్లమని నాకు కబురు వచ్చింది. ఈ గుర్రాలు గడ్డి తినేవి కావు. జానెడు ఎత్తు బొమ్మ గుర్రాలు.

వాటిని సేకరించి, కొత్తగా రంగులు వేసి, గోరంత జీన్లు కుట్టి పోటీకి పెట్టేవాళ్లు మన నగరంలో ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు. మా పై అధికారికి వాళ్లు రాసిన ఉత్తరం చిన్నది. బొమ్మను బొమ్మలా చూసేవాళ్లు చాలామంది దొరుకుతున్నారనీ, గుర్రంలా చూసేవాళ్లు కావాలనీ, గుర్రాల డాక్టరు ఎవరైనా ఉంటే ఒక పూట పంపమనీ అందులో ఉంది. ఆయన మార్జిన్‌లో "వెళ్లి రండి" అని రాసి, పొట్టి సంతకం పెట్టి నాకు పంపారు.

నన్నే ఎందుకు పంపారో చెప్పాలి. నా సర్వీసులో సగం పందెపు గుర్రాల పెంపకశాలల్లోనే గడిచింది. కుంటు కనిపెట్టడంలో నాకు పేరుండేది. దానికొక పద్ధతి ఉంది. గుర్రాన్ని గట్టి నేల మీద, వదులు పగ్గంతో, ట్రాట్‌లో నడిపిస్తారు. ట్రాట్ అంటే కుడి ముందు కాలూ ఎడమ వెనక కాలూ జతగా, ఆ తర్వాత మిగిలిన రెండూ జతగా పడే దుడుకు నడక. నొప్పి ఉన్న ముందు కాలు నేలను తాకగానే గుర్రం తల పైకెత్తుతుంది. ఆ ఎత్తడం వెంట్రుకవాసి అయినా నా కంటికి దొరికేది. ఈ సంగతి గొప్పకే చెబుతున్నాను. అప్పట్లో నాకు ఆ గొప్ప బాగానే ఉండేది.

మా అటెండరు సాయన్న టూరు డైరీలో "గుర్రాల ప్రదర్శన" అన్న మాట చూసి మందుల పెట్టె, థర్మామీటరు, పట్టుతాడు అన్నీ జీపులో ఎక్కించాడు. కరీంనగర్ రోడ్డు పక్కన ఒక చిన్న ఫంక్షన్ హాలు ముందు దిగాం. లోపల తెల్లగుడ్డలు పరిచిన బల్లల మీద, నల్లవీ ఎర్రవీ మచ్చలవీ, వంద పైచిలుకు గుర్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. సాయన్న వాటిని కాసేపు చూసి, "ఇగ సూది ఎవరికెయ్యాలె మేడం" అని అడిగాడు. నేను అప్పటికే మొదటి బల్ల మీదికి వంగి చూస్తున్నాను. చిన్నపిల్లలా ఒకటే సంబరం. కొన్నిటి మెడ మీద నరాలు తేలి కనిపిస్తున్నాయి. కొన్నిటి ముక్కుపుటాల్లో లేత గులాబీ రంగు ఉంది. ఒక ముసలి గుర్రానికి కళ్ల పైన గుంటలు కూడా దించారు.

నిర్వాహకురాలు వసుంధర గారు యాప్రాల్‌లో ఉండే రిటైర్డ్ లెక్కల టీచరు. నియమాలు చెప్పేటప్పుడు నన్నూ తొమ్మిదో తరగతి పిల్లను చూసినట్టే చూశారు. చేతులు వెనక్కి కట్టుకోవాలి, బొమ్మను తాకకూడదు. గుర్రం కాలికి కట్టిన చీటీ మీద నంబరే ఉంటుంది, యజమాని పేరుండదు. పక్కన ఒక కార్డు మీద గుర్రం జాతి, అది చేస్తున్న పని రాసి ఉంటాయి. అందులో ఏదైనా వింతగా ఉంటే దానికి ఆధారంగా నిజం గుర్రం ఫోటో జతచేయాల్సిన బాధ్యత పోటీదారుదే. తీర్పు అయ్యేదాకా పోటీదారులతో మాట్లాడకూడదు. ఫలితాల కాగితం మీద రెండు గంటలకల్లా సంతకం పడాలి, పడ్డాక మార్పు లేదు.

అన్ని తరగతుల్లోకీ ముఖ్యమైనది చివరిది, సొంతంగా మలిచిన గుర్రాలది. అందులో మొదటి స్థానం వచ్చినదానికి అచ్చు తీసి, రెజిన్‌లో పోత పోసి, సభ్యులందరికీ తలా ఒకటి పంపుతారు. మిగిలినవి మలిచినవాళ్ల ఇంటికే తిరిగి వెళ్లిపోతాయి. అందుకే ఆ బల్ల దగ్గరికి నేను రాగానే గోడ వారనున్న వాళ్లందరి మాటలూ ఆగిపోయాయి.

ముందు పని తేలిగ్గానే సాగింది. ఒకదానికి మోకాళ్లు వెనక్కి వంగాయి. ఇంకొకదానికి కాళ్ల లోపలి వైపు ఉండాల్సిన గట్టి కాయలు పెట్టడం మరిచారు. తొమ్మిదో నంబరు పందెపు గుర్రం మాత్రం అద్భుతం, ముందు కాళ్ల వెనకున్న స్నాయువులు వేలితో మీటితే మోగేలా ఉన్నాయి. ఆ తర్వాత పదిహేడో నంబరు దగ్గర నిలబడిపోయాను.

తెల్లని ఆడగుర్రం. చెవుల కొనలు ఒకదానికొకటి తాకేలా లోపలికి వంగి ఉన్నాయి. పగ్గాలు రాసుకుని రాసుకుని మెడ పక్కన వెంట్రుకలు అరిగిన చోటు కూడా ఉంది. ఇంత బాగా ఎవరు చేశారా అనుకుంటూ కాళ్ల వైపు చూశాను. ఉత్సాహమంతా చప్పున చల్లారింది. కుడి ముందు కాలూ కుడి వెనక కాలూ రెండూ కలిసి ముందుకు వేసి ఉన్నాయి. పైగా ముందు గిట్ట నేలకు ఆనకుండా వడ్లగింజంత ఎత్తులో ఉండిపోయింది. పక్కన కార్డు మీద "చాందిని. మార్వాడీ సంకరం. బరాత్ నడక. ఫోటో లేదు" అని మాత్రమే ఉంది.

ఆ గుర్రం సంగతి నాకు తర్వాత తెలిసింది కానీ ఇక్కడే చెప్పేస్తాను. దాన్ని మలిచినవాడు మల్లేశం, మేడ్చల్‌లో ఒక కార్ల షెడ్డులో రంగులు వేసే మనిషి. చాందిని వాళ్ల నాన్న పెళ్లి ఊరేగింపులకు తిప్పిన గుర్రం. ఎన్నో పెళ్లి ఆల్బముల్లో అది ఉంది, వాళ్లింట్లో మాత్రం ఒక్క ఫోటో లేదు. దాన్ని గుర్తు మీద మలిచి అంతకు ముందు రెండు ప్రదర్శనలకు తెచ్చాడు. రెండుసార్లూ ఆధారం లేదని పక్కన పెట్టారు. ఇది మూడోసారి, ఈసారీ కాకపోతే ఇక పోటీకి తీసుకురానని ఇంట్లో చెప్పి వచ్చాడట.

ఇవేవీ తెలియని నేను కాగితం మీద ధీమాగా రాశాను: "నడక తప్పు. ఒకే వైపు కాళ్లు రెండూ ముందుకు. గిట్ట గాలిలో. ఆధారం లేదు." మొదటి స్థానం కార్డు తొమ్మిదో నంబరు ముందు పెట్టాను. అది ఎవరిదో గోడ వారనున్న ఒకాయన ముఖంలో వెలుగు చూసి తెలిసింది, ఆయన అల్వాల్‌లో దంతవైద్యుడట. సంతకం భోజనం తర్వాత చేస్తానన్నాను.

భోజనాల దగ్గర సాయన్న నా పక్కన కూర్చుని, కంచంలోని బగారా అన్నం కెలుకుతూ మెల్లగా అన్నాడు. "మీరు పక్కకు వెట్టింది బరాత్ గుర్రం మేడం. అది గట్లనే నడుస్తది. మా తమ్ముని పెండ్లిల పగ్గం నేనే పట్టిన."

నాకు చిర్రెత్తుకొచ్చింది. గుర్రాల కాళ్ల గురించి నాకు చెప్పేంతవాడివయ్యావా అన్నాను. గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించడం అంటే ఇదే అని కూడా అన్నాను. సాయన్న నొచ్చుకోలేదు. నా కోపం అతనికి కొత్త కాదు. అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి, "పక్క హాల్ల పెండ్లున్నది, బయట గుర్రం కట్టేసిండ్రు. పోయి సూస్తే పాయె గద మేడం" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. రేవాల్. కళాశాలలో మా ఉపాధ్యాయుడు ఒకే ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన మాట. మార్వాడీ లాంటి పడమటి జాతుల గుర్రాలు కొన్ని ట్రాట్ చేయవు, ఒకే వైపు కాళ్లు వెంట వెంట వేస్తాయి, దాని పేరు రేవాల్. పరీక్షలో కూడా అడగలేదు. గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. చెప్పుల్లో కాళ్లు పెట్టి పరుగెత్తాను, అక్షరాలా పరుగే.

పక్క హాలు షామియానా నీడలో ఒక తెల్లగుర్రం గడ్డి నములుతోంది. దాని యజమాని కిష్టయ్య నన్నూ, సాయన్న చేతిలోని మందుల పెట్టెనూ చూసి లేచి నిలబడ్డాడు. కాగితాలన్నీ ఉన్నాయనీ, గుర్రానికి ఏ బీమారూ లేదనీ అడక్కుండానే చెప్పాడు. తనిఖీ కాదు, ఒక్కసారి రోడ్డు దాకా నడిపించి చూపించమన్నాను. పొద్దున పెండ్లికొడుకును మోసి అలిసిపోయింది, సాయంత్రం మళ్లీ బరాత్ ఉంది, ఇప్పుడు కుదరదన్నాడు. గడియారం చూసుకుంటూ బతిమాలాను. చివరికి సాయన్న ఏం చెప్పాడో గానీ కిష్టయ్య పగ్గం విప్పాడు.

అలవాటు ప్రకారం వెనక నిలబడ్డాను. సిమెంటు దారి, వదులు పగ్గం, కిష్టయ్య పక్కన జోరుగా నడక. ముందు నా చెవి పట్టుకుంది. ట్రాట్‌లో వినపడేవి రెండే దెబ్బలు. ఇక్కడ నాలుగు గిట్టలూ విడివిడిగా మోగుతున్నాయి. పక్కకు జరిగి చూస్తే కుడివైపు కాళ్లు రెండూ వెంట వెంట, తర్వాత ఎడమవైపువి. వీపు నీళ్లబిందె పెట్టినా తొణకనంత నిలకడగా సాగిపోతోంది. సాయన్న ఫోనులో తీసిన వీడియోను నెమ్మదిగా తిప్పి చూశాం. కుడి వెనక గిట్ట నేలను తాకింది. ఆ క్షణాన కుడి ముందు గిట్ట ఇంకా గాల్లోనే ఉంది, వడ్లగింజంత ఎత్తులో. నేను తప్పని రాసినది రెప్పపాటులో దాటిపోయే ఆ క్షణాన్నే. మల్లేశం దాన్నే పట్టి నిలబెట్టాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ రోగనిర్ధారణకూ నా గుండె అంత వేగంగా కొట్టుకోలేదు.

హాల్లోకి వచ్చేసరికి పది నిమిషాలే మిగిలాయి. వసుంధర గారు వీడియో చూడకముందే తల అడ్డంగా ఊపారు. ఆధారం పోటీదారు తేవాలి గానీ న్యాయనిర్ణేత వెతుక్కుని రాకూడదన్నారు. దంతవైద్యుడు కూడా ఆవిడతో అదే అన్నాడు, ఆయన మాటలో అన్యాయమేమీ లేదు. నాకు తెలియనిది తెలియజేయడానికే కదా ఆధారం, ఇప్పుడు నాకు తెలుసు, తెలిసీ తప్పు కాగితం మీద సంతకం చేయనన్నాను. నా గొంతు కాస్త పెద్దదే అయింది.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని నియమాల పుస్తకం తెరిచారు. చూపుడువేలు ఒక్కో పంక్తి మీద జరుపుతూ ఒకచోట ఆగారు. న్యాయనిర్ణేత తన సొంత పరిజ్ఞానం మీద తీర్పు ఇవ్వవచ్చు, కారణం రాతపూర్వకంగా ఇస్తే. "కారణం రాయండి డాక్టరుగారూ. పొద్దున రాసింది ఎందుకు తప్పో అది కూడా రాయండి" అన్నారు.

రాశాను. "ఇది రేవాల్ నడక. గిట్టల వరస నిజమైన గుర్రంతో సరిపోయింది. ఉదయం నేను తప్పని రాసినది నా తెలియనితనం వల్ల." కింద పేరూ హోదా రాసి సంతకం పెట్టాను. అలాంటి వాక్యం నా సర్వీసులో అంతకు ముందు ఏ కాగితం మీదా రాయలేదు. ఒంటిగంట యాభై ఎనిమిదికి మొదటి స్థానం కార్డు పదిహేడో నంబరు ముందుకు జరిగింది. దంతవైద్యుడు వీడియో అడిగి రెండుసార్లు చూశాడు, రెండో స్థానం కార్డు తీసి తన గుర్రం ముందు తనే పెట్టుకున్నాడు.

మల్లేశం వెంటనే ముందుకు రాలేదు. గోడ దగ్గరే నిలబడి రంగు మరకల వేళ్లను ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. ఇక మాట్లాడవచ్చు కాబట్టి నేనే వెళ్లాను. ఫోటో లేకుండా ఆ గిట్ట ఎత్తు ఎలా తెలిసిందని అడిగాను.

"చిన్నప్పుడు దాని పక్కపొంటి నడిసెటోణ్ణి మేడం. నా కండ్లు దాని కాళ్ల కాడికే అందేటివి" అన్నాడు. ఆ నడకలో పెండ్లికొడుకు నొసట బాసింగం కూడా కదిలేది కాదట, అందుకే ఆ గుర్రం కోసం జనం ఎదురుచూసేవాళ్లట. మామూలుగానే ఇంకో మాట చెప్పాడు. "ఒక్కసారి పశువుల క్యాంపుల సూపిస్తె కుంటిదని రాసిచ్చిండ్రు. రెండు నెలలు కట్టేసి పెట్టాలన్నరు. గా సీజన్ల మా బాపు ఒక్క పెండ్లికి గుడ పోలే."

ఎవరు రాశారని నేను అడగలేదు. ఎప్పుడని కూడా అడగలేదు. ఆ క్యాంపులకు ఈ చుట్టుపక్కల వెళ్లిన డాక్టర్లలో నేనూ ఉన్నాను.

చాందిని పోతలు మూడు నెలలకు సభ్యులకు అందాయి. నేను మాత్రం ఆ సోమవారమే మా బీరువాలోని పాత క్యాంపు రిజిస్టర్లు బయటికి తీశాను. పెళ్లి గుర్రాల పేర్ల ఎదుట "నడక అసహజం, కుంటు, విశ్రాంతి" అన్న మాటలు నా దస్తూరీలోనే ఒకటి కాదు, చాలా చోట్ల ఉన్నాయి. వాటిలో ఏవి నిజంగా కుంటివో, ఏవి తమ నడక తాము నడిచాయో తేల్చే దారి ఇప్పుడు లేదు.

అప్పటినుంచి మిగిలిన పది నెలలూ పరీక్ష వరస మార్చాను, కింది డాక్టర్లకూ అదే నేర్పాను. గుర్రం కాలు చూడకముందు దాన్ని తెచ్చిన మనిషిని అడగాలి: ఇది బాగున్నప్పుడు ఎట్లా నడిచేది? దానికి అర నిమిషం పడుతుంది. అంత సర్వీసులో నేను ఒక్కసారీ అడగలేదు.