నికోస్ గారి గదిలో ఖాళీ కుర్చీ

రాయాల్సిన చోట నాలుగు వాక్యాలు రాయకపోవడం వల్ల ఒక పెద్దాయన ప్రాణం మీదికి వచ్చింది. అందుకే ఇప్పుడైనా రాస్తున్నాను.

2023 చలికాలం. కెనడాలోని ఓక్‌విల్‌లో ఒక కేర్ హోమ్‌లో నేను పీఎస్‌డబ్ల్యూని. వృద్ధులకు స్నానం చేయించడం, తినిపించడం మా పని. తొమ్మిదేళ్ల అనుభవం. చదివింది ఇంటర్ వరకే. ఆ తర్వాతిదంతా లైబ్రరీ కార్డు చలవ.

నికోస్ గారు గ్రీసు నుంచి వచ్చి కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. ఎనభై ఏడేళ్లు. ఎవరు స్పూను తెచ్చినా నోరు బిగించి, "జియస్ చూస్తున్నాడు" అనేవారు. మతిమరుపు మాటలని అందరూ వదిలేశారు. నేను గ్రీకు దేవతల మీద ఓ లావుపాటి పుస్తకం తెచ్చి, మూడుసార్లు రెన్యూ చేయించి చదివాను. అంతవరకు జియస్ అంటే మన ఇంద్రుడి లాంటి వాడే అనుకున్నాను: సింహాసనం, పిడుగులు. ఆయనకు ఇంకో బాధ్యత కూడా ఉందట. ఇంటికొచ్చిన పరాయి మనిషికి ఆయనే రక్ష. అతిథిని పట్టించుకోని వాడిని క్షమించడు.

ఈ మాట చెబితే నికోస్ గారు నవ్వారు. "పిడుగులదేముంది? గుమ్మంలో ఎవరు నిలబడ్డారో చూడటమే ఆయన అసలు పని."

ఆ గది ఆయన ఇల్లు. మేం అతిథులం. అతిథిని నిలబెట్టి, ఏమీ పెట్టకుండా ఆయన ఎలా తింటారు? మర్నాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. టోస్టులో సగం తుంచి ఇచ్చారు. రూలు ప్రకారం మేం తినకూడదు. తీసుకుని నాప్‌కిన్‌లో పెట్టుకున్నాను. ఆయన ప్లేటు ఖాళీ చేశారు.

ఇది కేర్ ప్లాన్‌లో రాయాలి. ఎవరికి ఏది ఎలా చేయాలో స్టాఫంతా చూసుకునే ఫైలు అది. నేను రాయలేదు. కారణం సునీత.

సునీతది వరంగల్. అక్కడ నర్సు, ఇక్కడ లైసెన్సు వచ్చేదాకా అని మా పనిలో చేరింది. నెల తిరగకుండానే ప్రతి గదిలోనూ "సునీత ఏది?" అనే మాటే. నా తొమ్మిదేళ్లలో నికోస్ గారి భోజనం ఒక్కటే నాకు మిగిలింది.

"అక్కా, మీ దగ్గర ఎట్ల తింటడు? నా దగ్గర నోరే తెరుస్తలేడు."

"నాకు అలవాటు పడ్డారులే."

ఆమె నిలబడే తినిపించేది. ట్రైనింగ్‌లో కూర్చోమనే చెబుతారు, కానీ పెద్దాయన ముందు కూర్చోవడానికి ఆమెకు మనసొప్పేది కాదు. ఆయన రొట్టె ఇస్తే "వద్దంకుల్, మీరు తినండి" అనేది. మన మర్యాదే. తలుపు పక్కనుంచి చూసి సంతోషించాను. జియస్ భార్య హేరా అసూయ గురించి చదివి ఆవిడను తప్పుపట్టింది కూడా ఆ వారమే.

మా అమ్మాయి పురుడికని దేశానికి ఆ చివరనున్న బర్నబీ వెళ్లి పదిరోజులకు వచ్చాను. నికోస్ గారి బుగ్గలు లోపలికి పోయాయి. సాయంత్రం దాకా చూసి హాస్పిటల్‌కి పంపుతామంది చార్జ్ నర్స్ లిండా. సునీత కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఎంత బతిమాలినా వింటలేడక్కా."

నేనే వెళ్లి తినిపించొచ్చు. మెప్పూ నాకే వచ్చేది. కానీ రేపు నాకు సెలవైతే? కుర్చీ తెచ్చి ఆమె వెనక వేశాను.

"కూర్చో. ఆయన ఏది ఇచ్చినా వద్దనకు."

"పెద్దాయన ముందు ఎట్లక్కా..."

"కూర్చో సునీతా."

కూర్చుంది. నికోస్ గారు ఆమెను చూసి, బిస్కెట్ విరిచి ఇచ్చారు. తీసుకుంది.

"వచ్చావా," అన్నారాయన, నెలల తరబడి రోజూ వస్తున్న మనిషితో. తర్వాత సూప్ తాగారు. ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ సాయంత్రమే కేర్ ప్లాన్‌లో రాశాను. "ఎప్పటి నుంచి తెలుసు?" అంది లిండా. మూడు నెలలుగా అన్నాను. సునీత విన్నది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు లంచ్ రూమ్‌లో నేను డబ్బా పట్టుకుని నిలబడితే, పక్క కుర్చీ వెనక్కి లాగింది.

"కూర్చోండక్కా."

పుస్తకమంతా చదివాను, గుమ్మంలో నిలబడ్డ మనిషినే చూడలేదు.

పుస్తకం వెతికిపెట్టిన లైబ్రరీ ఫరీదాకు, నన్ను పనిలో ఉంచిన లిండాకు, సగం టోస్టు ఇచ్చిన నికోస్ గారికి, కుర్చీ లాగిన సునీతకు కృతజ్ఞతలు.