సద్ది వచ్చిందని ఎర్రగుడ్డ ఊపిన రోజు

మా చిన్నప్పుడు... శామీర్‌పేట చెరువు కట్ట మీద సద్దిమూట పక్కన పెట్టుకుని, కర్రకు కట్టిన ఎర్రగుడ్డ ఊపుతూ నిలబడేదాన్ని. బాపు, అంటే మా నాన్న, అవతలి ఒడ్డు దగ్గర చేపలకు వల వేస్తుండేవాడు. ఎంత గొంతు చించుకున్నా అంత దూరం వినపడదు కదా... అందుకే గుడ్డ.

తొంభైల నాటి మాట. మా ఊళ్లో హోటలు లేదు, కూరలమ్మే కొట్టు లేదు. ఇంట్లో పొయ్యి వెలిగితేనే అన్నం. ఎవరో ఒకరు మోసుకెళ్తేనే పనిలో ఉన్న మనిషికి తిండి. చేపలు పట్టే ఇళ్లన్నిటికీ ఇదే పద్ధతి. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు గుడ్డ ఉండేది. మాది మా నాయనమ్మ పాత చీర కొంగు. ఆవిణ్ని అవ్వ అనేవాళ్లం. ఎర్రది కనిపిస్తే చాలు, బాపు చేతిలో పని వదిలేసి తెప్ప తోసుకుంటూ వచ్చేవాడు.

అమ్మ కూలికి పోయేది, అవ్వ వండేది, బడి లేని రోజు మోత నాది...

ఆ రోజు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఇంత అన్నం. ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు ఎండ మాడ్చేస్తోంది. కట్ట ఎక్కేసరికి మేడ్చల్ వైపు ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది. గాలి మొదలైంది. మామూలుగా కట్ట మీద బట్టలు ఉతికేవాళ్లో, మేకలు కాసేవాళ్లో ఉంటారు. ఆ రోజు ఒక్క పురుగు లేదు! చెరువంతా ఖాళీ. అవతలి ఒడ్డున మా తెప్ప ఒక్కటే చిన్న చుక్కలా కనిపించింది, పక్కన బాపు.

ఉరిమింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బాపు వచ్చేస్తే భయం ఉండదు అనుకున్నాను... అంతే, రెండు చేతులతో గుడ్డ ఊపాను. చుక్క కదిలింది. హమ్మయ్య అనుకున్నాను! తొందరగా రమ్మని ఇంకా గట్టిగా ఊపాను. పిచ్చి మొద్దుని...

సగం దారిలో గాలి తిరగబడింది. నీళ్లు లేచి లేచి పడుతున్నాయి. తెప్ప కనిపిస్తుంది, మాయమవుతుంది. మళ్లీ కనిపిస్తుంది. "బాపూ... బాపూ..." అని అరుస్తూనే ఉన్నాను.

అప్పుడు వెనక నుంచి అవ్వ పరుగున వచ్చింది. మబ్బు చూసి నా కోసం వచ్చిందట.

"దించే! ఆ గుడ్డ దించు ముందుగల!"

"బాపు జల్దీ రావాలె గదా అవ్వా!"

"ఆ ఒడ్డుకు రాళ్ల సాటున సక్కగ కూసుండేటోడే! సద్ది వచ్చిందని నువ్వు ఊపితివి, వాడు నీళ్లల్లకు దిగె. ఏం జేసినవే పిల్లా..."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ గుడ్డకు మా ఇంట్లో ఒక్కటే అర్థం... ఇటు రా అని. ఆగు అని చెప్పడానికి మా దగ్గర ఏ గుడ్డా లేదు.

దించేశాను. కర్రను గుండెకు హత్తుకుని ఏడుస్తున్నాను. అంతలో వాన దబదబా దిగింది. ఎదురుగా తెల్లటి గోడ లేచినట్టు అయింది, చెరువు కనిపించలేదు. అవ్వ ముఖం చూశాను. ఎప్పుడూ ఎవరినో ఒకరిని కసురుతూ ఉండే ఆ ముసలిదాని ముఖంలో రక్తం లేదు.

"లేపు... లేపు బిడ్డా! ఇగ వాడు ఎనకకు పోలేడు. ఒడ్డు ఎటుందో కండ్లవడాలె!"

ఇద్దరం కలిసి ఊపాం. చేతులు పడిపోతున్నా ఊపాం. అవ్వ గంగమ్మ తల్లిని మొక్కుతోంది, మధ్యలో బాపును తిడుతోంది, మళ్లీ మొక్కుతోంది. ఎంతసేపో తెలియదు. ఇక బాపు లేడేమో అన్న మాట నా మనసులోకి వచ్చేసింది. ఆ మాట వచ్చినందుకే ఇంకా గట్టిగా ఊపాను.

కట్ట కింద రాళ్ల దగ్గర దగ్గు వినిపించింది.

బాపు! తెప్ప మీద లేడు, తెప్పను పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. వల లేదు. మోకాళ్ల మీద పాకుతూ పైకెక్కాడు. అవ్వ వెళ్లి ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది.

"కడుపు గంత కాలిందారా? ఒక్క పూట ఆగవా?"

బాపు నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"ఆకలి ఎవ్వనికే అమ్మా... మెరుపుల్ల పిల్ల ఒక్కతే నిలవడ్డది. బుగులువడి గుడ్డ ఊపవట్టె. నేనెట్ల కూసుంట?"

అవ్వ కొంగుతో ఆయన తల తుడిచింది. వానకు తడిసి ముద్దయిన రొట్టెను ముగ్గురం కట్ట మీదున్న చెట్ల కిందే తిన్నాం.

అవ్వ పోయింది. చాలా ఏళ్ల తర్వాత బాపు కూడా పోయాడు, ఇంట్లో మంచం మీద, నిద్రలో. నీళ్లు ఆయన్ని ఏమీ చేయలేదు. నేనిప్పుడు తూంకుంటలో ఉంటున్నాను. వాన మొదలైతే చాలు, మా పిల్లలకు బిర్యానీ గుర్తొస్తుంది. వేలితో నొక్కుతారు, ఫోన్‌లో చిన్న బండి బొమ్మ మా ఇంటి వైపు కదులుతుంది. వాళ్లు నవ్వుతూ చూస్తుంటారు. నేను ఆ బొమ్మ చూడలేను... వంటింట్లోకి వెళ్లిపోతాను. ఏదో ఒకటి వండుతాను ఆగండిరా అంటే "నీదంతా చాదస్తం మమ్మీ" అంటారు.

మీ ఇంట్లో సద్ది ఎవరు మోసేవారు? ఎవరి కోసం? చెప్పండి, చదువుతాను... బయట వాన పడుతోంది, మా పిల్లలు పిలిచిన మనిషి ఇంకా దారిలోనే ఉన్నాడు.