ఎవరూ విప్పని చెయిన్ల సంచి

ఆరేళ్ల కిందట కాలిఫోర్నియా మంచు కొండల్లోని టాహో సరస్సుకి వెళ్లే దారిలో మా కారు మంచు మీద జారి కొండకు గుద్దుకుంది. డ్రైవ్ చేస్తున్నది మా బావ. వెనక కూర్చున్న అక్క చెయ్యి రెండు చోట్ల విరిగింది. మా వాళ్లందరికీ తెలిసింది ఇంతవరకే. బయలుదేరే ముందు బావ నన్ను, "టైర్లు చూపించావా?" అని అడిగాడు. "చూపించాను" అన్నాను. అది అబద్ధం కాదు. చూసినవాడు ఏం చెప్పాడో మాత్రం నేను చెప్పలేదు.

అప్పట్లో నేను సన్నీవేల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. మూడు వరుసల సీట్లున్న పెద్ద ఎస్‌యూవీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ముందు ఓనర్ షోకు కోసం కంపెనీ చక్రాలు తీసేసి ఇంకా పెద్దవి వేయించుకున్నాడు. డిసెంబర్ సెలవులకి టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి అక్క, బావ, వాళ్ల తొమ్మిదేళ్ల పాప వచ్చారు. పాప మంచులో ఆడుకోవాలంది. నా భార్యకి ఆ వారం డ్యూటీ ఉంది. మేం నలుగురం రెండు రోజులకి టాహో వెళ్దామనుకున్నాం.

కారు చూడగానే బావ, "ఏం బావమరిదీ, అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇందులోకి మారిపోవచ్చు కదా" అన్నాడు. ఆయన అమెరికాలో ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాడు. ఒక్క గీత పడలేదు, ఒక్క ట్రాఫిక్ టికెట్ రాలేదు. అక్కకి ఆయన డ్రైవింగ్ మీద ఎంత నమ్మకమంటే, ఆయన స్టీరింగ్ పట్టుకున్న పావుగంటలో నిద్రపోయేది. వేరే ఎవరు నడిపినా కళ్లు మూసేది కాదు.

ప్రయాణానికి మూడు రోజుల ముందు టైర్ల షాపుకి వెళ్లాను. అక్కడి పెద్దాయన టైరు గాడిలో చిన్న పుల్లలాంటి కొలత పెట్టి నాకు చూపించాడు. "ఇవి వానకి సరిపోతాయి. మంచుకి పనికిరావు. రేపు పొద్దున తీసుకురా, వింటర్ టైర్లు వేస్తాను" అన్నాడు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి, ఇంజన్ నాలుగు చక్రాలనీ తిప్పుతుంది కదా అన్నాను. "అది బండిని కదిలిస్తుంది. ఆపాల్సింది టైరే" అన్నాడు. చలికి మామూలు టైరు రబ్బరు గట్టిపడిపోతుందని, వింటర్ టైరుది మెత్తగానే ఉండి రోడ్డుని పట్టుకుంటుందని చెప్పాడు. మంచులో జారకుండా టైరుకి చుట్టే చెయిన్ల సంగతి కూడా అడిగాను. ఈ పెద్ద చక్రానికీ బాడీకీ మధ్య సందు తక్కువ, లావు చెయిన్లు లోపల కొట్టుకుంటాయి, సన్నని కేబుల్ రకమే పడుతుంది, అదీ కారు పేరు చూసి కాదు, టైరు పక్కన ఉన్న నంబరు చూసి కొనాలి అన్నాడు. ఆ నంబరు ఒక కార్డు వెనక రాసిచ్చాడు.

నాకు అర్థం కాలేదని చెప్పుకోలేను. నేను ఇంజనీర్ని.

ఆ సాయంత్రం కూర్చుని వెతికాను. ఆ నంబరు కేబుళ్లు ఆర్డర్ చేస్తే మేం తిరిగొచ్చాక వస్తాయి. దగ్గరి షాపుల్లో అయిపోయాయి. మిగిలింది వింటర్ టైర్లు. విప్పిన నాలుగు టైర్లు ఎక్కడ పెట్టాలి? బాల్కనీలో పెడితే అపార్ట్‌మెంట్ వాళ్లు ఊరుకోరు. పైగా డిసెంబర్‌లో కూడా హాఫ్ షర్ట్ వేసుకుని తిరిగే ఊళ్లో వింటర్ టైర్లేంటని అందరూ నవ్వుతారు. నన్ను నిజంగా ఆపింది ఆ నవ్వే అనుకుంటాను.

మా కాంప్లెక్స్‌లో తెలుగు కుటుంబాలన్నిటికీ కలిపి ఒక ఎర్ర సంచి ఉండేది. అందులో స్నో చెయిన్లు. ఎవరు టాహో వెళ్తే వాళ్ల కారులో అది వెళ్లి వచ్చేది. కొండ మొదట్లో మంచు కురిసే రోజుల్లో చెక్ పాయింట్ పెడతారు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి, టైరు మీద మంచుకి పనికొస్తుందనే అక్షరాలుంటే (అవి చాలా మామూలు టైర్ల మీదా ఉంటాయి) చెయిన్లు వేయక్కర్లేదు, కానీ కారులో ఉండాలి. సంచి చూపిస్తే పంపేస్తారు. ఎన్నో శీతాకాలాలు అది అలా తిరిగింది. విప్పినవాళ్లు లేరు.

కింది ఫ్లోర్ కుర్రాడి దగ్గర తీసుకుంటూ, "ఇది ఏ కారుదిరా?" అని అడిగాను.

"ఎవరో ఖాళీ చేసి వెళ్లిపోతూ ఇచ్చారన్నా. వాళ్లది చిన్న కారే."

"మరి నాది..."

"అన్నా, చెక్ పాయింట్‌లో సంచి చూస్తారు, సైజు చూడరు. నువ్వేమన్నా నిజంగా వేస్తావా ఏంటి?"

సంచి మీద సైజుల చీటీ ఉంది. నా జేబులో కార్డు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కలవలేదు. సంచి డిక్కీలో పెట్టుకున్నాను.

పొద్దున బయలుదేరినప్పుడు ఎండ ఉంది. మొదట నడిపింది నేనే. మధ్యాహ్నానికి కొండలు మొదలయ్యేసరికి ఆకాశం బూడిద రంగులో చెట్ల మీదికి దిగింది. రోడ్డు పక్కన లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు మోకాళ్ల మీద కూర్చుని చక్రాలకి చెయిన్లు కడుతున్నారు. పక్క సీట్లో బావ కిటికీ అద్దంలోంచి వాళ్లనే చూస్తూ వచ్చాడు. చెక్ పాయింట్‌లో మనిషి వంగి టైరు మీద అక్షరాలు చూసి, "చెయిన్లు?" అన్నాడు. డిక్కీ తెరిచి సంచి చూపించాను. వెళ్లమని చెయ్యి ఊపాడు.

పాప చప్పట్లు కొట్టింది. "మామా, ఇంక స్నో వస్తదా?"

వచ్చింది. మొదట పల్చగా, తర్వాత వైపర్లు తోయలేనంతగా. రోడ్డు చప్పుడు పోయింది. అంత పెద్ద బండి దూది మీద నడుస్తున్నట్టు ఉంది. ఒక వంపులో నా చేతికింద స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోయింది. తిప్పినవైపు బండి రాలేదు. ఒక్క క్షణమే. మళ్లీ పట్టు దొరికింది. అక్క, పాప కబుర్లలో ఉన్నారు. బావ ఫోన్‌లో మ్యాప్ చూస్తున్నాడు. నాకొక్కడికే తెలిసింది.

తర్వాత వచ్చిన వెడల్పు చోట బండి ఆపాను. "ఆఫీస్ కాల్ ఒకటి ఉంది బావా. కాసేపు నువ్వు పట్టు" అన్నాను. కాల్ లేదు. బావ మంచి డ్రైవర్, నాకంటే బాగా చూసుకుంటాడని నాకు నేను చెప్పుకున్నాను. బండి జారిందని ఆయనకి చెప్పలేదు.

బావ సీటు సర్దుకుని, బయటికి చూసి, "ఎలాగూ ఆగాం, చెయిన్లు వేసేద్దాం" అన్నాడు.

"అక్కర్లేదు బావా. ఫోర్ వీల్ డ్రైవ్ ఇది."

"ఆ లారీ వాళ్లందరూ వేస్తున్నారు కదయ్యా. పది నిమిషాల పని. సంచి తీయి."

సంచి తీస్తే తెలిసిపోతుంది. "మీ టెక్సాస్ వాళ్లకి ఐస్ క్రీమ్ చూసినా వణుకే" అని నవ్వాను. పాప కూడా నవ్వింది. బావ బండి తీశాడు. కాసేపటికి అక్క కళ్లు మూసుకుంది.

శిఖరం దాటాక దిగుడు. ఒకవైపు కొండ, ఇంకోవైపు తెల్లగా ఏమీ కనపడని లోతు. నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని లేని కాల్ వింటూ రోడ్డే చూస్తున్నాను. బావ చాలా నెమ్మదిగా నడుపుతున్నాడు. అది నేను ఒట్టేసి చెప్పగలను. మలుపులో ముందు కారు బ్రేక్ లైట్లు వెలిగాయి. బావ బ్రేక్ మీద కాలు పెట్టాడు. బండి ఆగలేదు, తొందర పడనూ లేదు. ఒక పక్కకి తిరుగుతూ, తాపీగా, తనకి తోచినవైపు వెళ్లింది. బావ లోతు వైపు పోకుండా స్టీరింగ్ కొండవైపు తిప్పాడు. అందుకే ఇవాళ ఇది రాయడానికి నేనున్నాను. వెనక తలుపు రాయికి గుద్దుకుంది. అక్క ఆ పక్కనే నిద్రపోతోంది.

అంబులెన్స్‌లో అక్కతో పాటు బావ, పాప వెళ్లారు. నేను బండి దగ్గర ఉండిపోయాను. లాగడానికి వచ్చిన ట్రక్కు మనిషి, చెయిన్లుంటే ఇమ్మన్నాడు. ఆ సంచి మొదటిసారి విప్పింది అతనే. చెయిన్ చక్రం మీద వేసి చూశాడు. సగం కూడా చుట్టుకోలేదు. నావైపు చూసి, "ఇవి చిన్న కారువి" అన్నాడు. తర్వాత వంగి టైరు గాడిలో వేలు పెట్టి చూశాడు. చెయిన్లు మళ్లీ సంచిలో పెట్టి నాకిచ్చాడు.

రిపోర్టులో పోలీసు, డ్రైవర్ రోడ్డు పరిస్థితికి మించిన వేగంతో వెళ్లాడని రాశాడు. బావ సంతకం పెట్టాడు. ఆస్పత్రిలో అక్క కళ్లు తెరిచి, "ఎలా జరిగిందిరా?" అని నన్నే అడిగింది. బావ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకి వినపడేలాగే అన్నాను: "బావకి మంచులో అలవాటు లేదు కదక్కా."

ఆ ఒక్క మాట ఆరేళ్లు బతికింది. ఇర్వింగ్‌లో హైవే ఎక్కకుండా పాలు కూడా తెచ్చుకోలేరు. అక్కడ బావ హైవే ఎక్కడం మానేశాడు. ఎక్కడికి వెళ్లినా అక్క నడుపుతుంది, ఆయన పక్కన కూర్చుంటాడు. తప్పనిసరై ఆయన నడిపితే అక్క తలుపు పైనున్న పిడి పట్టుకుని కూర్చుంటుంది. పార్టీల్లో ఎవరో ఒకరు, "మీ ఆయన నడిపితే కారు జారడానికి మంచు కూడా అక్కర్లేదట కదా" అంటారు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఒకసారి కాదు.

ఈ వేసవిలో అక్క ఫోన్ చేసింది. పాపకి పదిహేనేళ్లు నిండాయి. టెక్సాస్‌లో తల్లిదండ్రులో, వాళ్లు చెప్పిన దగ్గరి బంధువో పిల్లలకి డ్రైవింగ్ నేర్పించవచ్చు. "నాకు ఆఫీస్‌తో కుదరట్లేదు. ఆయన నేర్పిస్తానంటున్నారు. ఆయన చేతిలో పిల్లని ఎలా పెట్టనురా? నువ్వు ఓ వారం వచ్చి మొదలుపెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అంది. సరేనన్నాను. విమానం టికెట్ బుక్ చేసుకునేటప్పటికి చెప్పేయాలని నిర్ణయించుకున్నాను. విమానం దిగేసరికి ఆ నిర్ణయం సగం అయింది.

శనివారం పొద్దున నలుగురం టేబుల్ దగ్గర టీ తాగుతున్నాం. అక్క అంది, "వీడు దాన్ని స్కూల్ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్తాడు. మీరు ఇంట్లో ఉండండి."

"ఉంటాలే" అన్నాడు బావ. "కూర్చోవడంలో నాకు ఆరేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది."

పాప నాతో, "డాడ్ స్నోలో క్రాష్ చేశాడు కదా మామా, అందుకే మామ్ భయపడతది" అంది. తండ్రి ముందే, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు అంది.

"క్రాష్ చేసింది నాన్న కాదమ్మా" అన్నాను.

చెప్పాను. టైర్ల షాపు, కార్డు, సంచి, లేని కాల్, ట్రక్కు మనిషి. పాప తండ్రివైపు చూస్తోంది. అక్క తన చెయ్యి మోచేతి పైన పట్టుకుని కూర్చుంది.

"ఆస్పత్రిలో నేనడిగేటప్పటికి ఇదంతా నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

బావ కప్పు పక్కకి జరిపాడు. "నాకిచ్చే ముందు నీ చేతిలో జారిందా?"

"జారింది."

"ఆ మాట ఒక్కటి చెప్పుంటే నేను అక్కడే ఆపేసేవాణ్ణి." నావైపు తిరిగాడు. "ఆరేళ్లుగా ఆ మలుపు తిప్పుతూనే ఉన్నానయ్యా. బ్రేక్ ఇంకా ముందు వేయాల్సిందా, అసలు వేయకూడదా అని."

"సారీ బావా" అన్నాను.

"టీ ఒలికినట్టు సారీ ఏంట్రా?" అంది అక్క. "సరిగ్గా చెప్పు. పిల్ల ముందు చెప్పు."

లేచి నిలబడ్డాను.

"బావా, నువ్వు నడపడంలో తప్పు లేదు. బ్రేక్ ఎప్పుడు వేసినా ఆ టైర్లతో ఆ బండి ఆగేది కాదు. చెయిన్లు వేద్దామని నువ్వు రెండుసార్లు అడిగావు, నేను నిన్ను ఎగతాళి చేశాను. నాకు భయమేసి స్టీరింగ్ నీకిచ్చాను. ఆ తర్వాత నిందా నీకే ఇచ్చాను. అక్క నిన్ను నమ్మకపోవడానికి, నీ కూతురు ఇందాక అన్న మాటకి కారణం నేనే. నన్ను క్షమించు."