వంపులు సున్నా

మా అన్నయ్య చివరిగా చేసిన మామూలు పని పెన్సిల్ చెక్కడం. పాత పేపరు మీద పొట్టు రాలేలా, ముల్లు మరీ సన్నం కాకుండా చిన్న చాకుతో చెక్కి, ఎర్ర అట్ట నోటుపుస్తకం పక్కన పెట్టాడు. రెండింటినీ బల్ల మీద నా వైపు జరిపాడు.

“సోమవారానికి ఎత్తి రాసిపెట్టు, తాజూ. నగురా గారికి ఇవ్వాలి.”

“నీ రాత కోడి కెలికినట్టుంటుంది. చదవలేక నా కళ్ళు పోతాయి.”

“కోడి అయినా రోజూ పనికి పోతోందిగా. నీలా చాప మీద దొర్లుతూ నవలలు చదవడం లేదు.”

కూరలోకి తోఫు తెస్తానని లేచాడు. గుమ్మం దగ్గర కూర్చుని ఒక బూటు తొడుక్కున్నాడు. రెండోది చేతిలో ఉండగానే పక్కకు ఒరిగాడు. నేను వంటగదిలోంచి, “పెద్ద ముక్క తీసుకురా, నిన్నటిది ఇద్దరికీ చాలలేదు” అని చెబుతున్నాను. జవాబు రాకపోతే ఎప్పటిలాగే వినిపించుకోలేదనుకున్నాను. అంబులెన్సులో ఎక్కించేటప్పుడు కూడా ఆ బూటు చేతిలోనే ఉంది. తలలో నరం చిట్లిందన్నారు. అరవై మూడేళ్ళు.

అన్నయ్య పేరు ఇసావొ. మా ఊరి వెనక కొండ మీద, కింద సముద్రం కనిపించేలా ఒక చిన్న వినోదాల పార్కు ఉంది. అక్కడి రోలర్ కోస్టర్ దగ్గర ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశాడు. మొదట బ్రేకు మీట లాగాడు, తర్వాత పట్టాలు తనిఖీ చేశాడు, చివరికి దానికి పెద్ద అయ్యాడు. ఆ పెద్దరికం కింద ఉన్నది హికిదా అనే ఒకే ఒక్క ఆవిడ. నా భర్త పోయాక నేను పుట్టింటికి తిరిగొచ్చాను. అన్నయ్య పెళ్ళి చేసుకోలేదు. “కోస్టర్ ఉందిగా, అది చాలు అరవడానికి” అనేవాడు.

రోజూ పొద్దున గేటు తెరవకముందే మొదటి బండిలో, ఆఖరి సీటులో, ఒక్కడే కూర్చుని కళ్ళు మూసుకుని తిరిగేవాడు. సరదాకి కాదు, పట్టాల చప్పుడు వినడానికి. ఏ మలుపు దగ్గర బోల్టు వదులైందో చెవికే తెలిసేదట. రోజంతా వరస దగ్గర నిలబడి, ముందుకు తోసుకొచ్చే పిల్లలకు ఒకటే మాట చెప్పేవాడు: “వరసలో ఉంటే అందరి వంతూ వస్తుంది.” సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళ తొట్టిలో పెట్టుకుని, నీళ్ళు చల్లారిపోయినా తీయకుండా కూర్చునేవాడు. ఏం ఆలోచిస్తున్నావని అడిగితే, “ఏమీ లేదు, కాళ్ళు ఉన్నాయో లేదో చూస్తున్నా” అనేవాడు.

రెండేళ్ళ కిందట కోస్టర్ పట్టాలు మార్చక తప్పదని తేలింది. పార్కు యజమాని నగురా గారు అన్నయ్యను పిలిపించారు. పెద్ద పార్కుల్లో ఒక పద్ధతి ఉంది: టికెట్టు కాక ఇంకొంత డబ్బు కట్టినవాళ్ళు ముందే తమ సమయం ఖాయం చేసుకుని, వరసలో నిలబడకుండా వేరే దారిలో వెళ్ళి ఎక్కుతారు. మన దగ్గరా అది పెడితే పట్టాల ఖర్చు వస్తుంది, పెట్టకపోతే కోస్టర్ ఆపేయాల్సిందే అన్నారు. “నాలుగు చోట్ల తిరిగి, ఎక్కడ ఎలా నడుస్తోందో పోల్చి రాసుకురండి, ఇసావొ గారూ. మీరు సరే అంటేనే పెడతాను. వద్దంటే దాన్ని ఆపేది కూడా మీ చేత్తోనే.”

ఆ రోజు తొట్టిలో నీళ్ళు మరీ చల్లారిపోయాయి.

“పిల్లలకి ఇన్నేళ్ళూ ఒకటే చెప్పాను. ఇప్పుడు డబ్బులున్నవాడి వంతు ముందని ఏ నోటితో చెప్పను?”

“నోరు పాతదే, పళ్ళే కొత్తవి. ఆ కట్టుడు పళ్ళతో చెప్పు.”

నవ్వలేదు. “నువ్వూ రా నాతో. ఈ వయసులో మగవాడు ఒక్కడే అలాంటిచోట పుస్తకం పట్టుకుని తిరిగితే పోలీసులకి చెబుతారు.”

నాలుగనుకున్నవి మూడే అయ్యాయి. నాలుగోదానికి ఇద్దరికీ ఓపిక లేకపోయింది. మేము వాటికి మా పేర్లు పెట్టుకున్నాం: పడమటి పార్కు, కొండ కింది పార్కు, సముద్రపు పార్కు. ప్రతిచోటా ఏర్పాటు ఒకటే. అన్నయ్య ముందు వెళ్ళి మామూలు వరసలో నిలబడేవాడు. డబ్బు కట్టిన దారి నాది. నా సమయం వచ్చేసరికి ఆయన వరస మధ్యలో ఎక్కడో ఉండేవాడు. నా మోకాళ్ళ మీద జాలితో అలా చేస్తున్నాడని నేననుకున్నాను. ఆయన మోకాళ్ళు నా వాటికంటే అయిదేళ్ళు పాతవి.

పడమటి పార్కులో అప్పటికప్పుడు కొనడానికి లేదు. వారాల ముందే, నాలుగు ఆటలు కలిపి ఒక కట్టగా కొనాలి. ధర రోజుకొక రకం. మేం వెళ్ళింది సెలవు రోజు. గాలి కూడా దూరనంత జనం. నా దారి తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. దాని పక్కనే, నడుం ఎత్తు ఇనుప కడ్డీకి అవతల, మామూలు వరస. రెండు గంటలుగా నిలబడ్డ మొహాలు వరసగా నా వైపు తిరిగాయి. ఒకామె భుజం మీద పిల్లవాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. క్షమించండి, క్షమించండి అని గొణుక్కుంటూ తల పైకెత్తకుండా నడిచాను. మధ్యలో అన్నయ్య కనిపించాడు. అలవాటులో పరాయివాడికి వంచినట్టే ఆయనకీ తల వంచాను. ఆయనా అంతే మర్యాదగా వంచాడు.

బయట బెంచీ మీద ఒనిగిరి అన్నం ముద్దలు విప్పి కూర్చుంటే, నేను దిగిన గంటన్నరకు కుంటుకుంటూ వచ్చాడు.

“నీకెంతసేపు పట్టింది?”

“పన్నెండు నిమిషాలు. నీకు?”

“నూట ముప్పై. రేగుపండు ఊరగాయ ముద్ద నాకుంచావా, తినేశావా?”

“ఉంచాను. ఏం రాస్తున్నావు అంతసేపు?”

“ఎత్తి రాసేటప్పుడు చూస్తావుగా.”

కొండ కింది పార్కులో ఆటకొక టికెట్టు కొనుక్కోవచ్చు. గాలి ఎక్కువై ఆట ఆగితే డబ్బు వెనక్కి ఇస్తారు. మేం వెళ్ళినరోజు ఆట రెండుసార్లు ఆగింది. నా మెట్లు వేరే. పైదాకా ఎవరి మొహమూ చూడక్కర్లేదు. కానీ ఎక్కే చోట రెండు దారులూ కలుస్తాయి. అక్కడ పనిచేసే కుర్రది మామూలు వరసకి అరచెయ్యి అడ్డం పెట్టి నన్ను ముందు రమ్మంది. ఆ అరచేతి వెనక ఆగినవాళ్ళలో అన్నయ్య ఒకడు. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. తిరుగు రైల్లో రుమాలుతో ముక్కు రుద్దుకుంటూ కూర్చున్నాడు. చివరికి, “ఆ పిల్ల రోజుకి ఎన్నిసార్లు ఆ చెయ్యి చాపుతుందో” అన్నాడు. “హికిదా చేత ఆ పని చేయించలేను.”

ఆ చలికాలం ఆయన బాగా తగ్గాడు. పట్టాల కింద పాకుతూ పనిచేసి వచ్చి, అన్నం ముందు కూర్చుని అలాగే కునికేవాడు. వద్దని రాసిచ్చెయ్యరాదా అన్నాను ఒకసారి. “వద్దంటే దాన్ని ముక్కలు చేసి ఇనుముకి అమ్ముతారు. సరేనంటే వరసలో నిలబడ్డ పిల్లవాడి మొహం నేను చూడాలి. రెండూ నావల్ల కాదు. మూడోది ఏదైనా ఉందేమో చూద్దాం” అన్నాడు.

సముద్రపు పార్కులో లోపలికి వెళ్ళాకే ఫోనులో కొనాలి. ఒకటి కొన్నాక ఇంకోటి కొనాలంటే గంట ఆగాలి. అన్నయ్య బొటనవేళ్ళు లావు, తెర మీద ఒకటి నొక్కబోతే మూడు నొక్కుకునేవి. “ఇవి పానా పట్టుకునే వేళ్ళు, వీటికి ఇదేం పని” అని ఫోను నాకిచ్చేశాడు. ఆ దారి నాకు బాగా గుర్తుంది. కట్టుడు రాళ్ళ మధ్యనుంచి, చిన్న దీపాల వెలుగులో, తల తిరిగేటన్ని మలుపులు. జనం సందడి గోడకవతల ఎక్కడో వినిపిస్తోంది గానీ ఒక్క మనిషీ కనిపించలేదు. చాలాకాలం తర్వాత నడుం నిటారుగా పెట్టుకుని నడిచాను.

“దారిలో ఎవరైనా ఎదురయ్యారా?” అని అడిగాడు అన్నయ్య.

“రాళ్ళు ఎదురయ్యాయి.”

“నేను కనపడ్డానా?”

“నువ్వు కనపడితే ఇంత హాయిగా ఎందుకుంటాను?”

నవ్వాడు. ఆ చలికాలమంతా ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. పుస్తకం తీసి, ఒక అంకె వేసి, మూసేశాడు. మూడోది దొరికిందా అని నేనడగలేదు. కాళ్ళు లాగుతున్నాయి, రైలు తప్పిపోతుందేమోనన్న ధ్యాసే నాకు.

అది జనవరి. ఫిబ్రవరిలో పెన్సిల్ చెక్కి నా ముందు పెట్టాడు.

ఏడో రోజు పూజ అయ్యాక పుస్తకం తెరిచాను. నగురా గారు తొందర లేదన్నారు గానీ, సోమవారమని అన్నయ్య చెప్పిన మాట నన్ను కూర్చోనివ్వలేదు. ఆయన చెక్కిన పెన్సిలుతోనే రాశాను. పేజీకి అడ్డంగా గళ్ళు: పార్కు, ఎక్కడ కొనాలి, ఎంత ముందు, నిరీక్షణ, ఆట ఆగితే ఏం చేస్తారు. చివరి గడి మీద పూర్తి మాట లేదు, ‘వం’ అని ఒక్క అక్షరం. దాని కింద పడమటి పార్కుకి ముప్పై ఒకటి, కొండ కింది పార్కుకి తొమ్మిది, సముద్రపు పార్కుకి సున్నా. ఆఖరి పేజీలో, మిగతావాటికంటే పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: “మన దగ్గర వం సున్నా ఉండాలి. అలా అయితే సరే. కాకపోతే కోస్టర్ ఆపేద్దాం.”

వంపులు అనుకున్నాను. దారిలో మలుపులు. సముద్రపు పార్కు ఎదుట సున్నా చూసి చెయ్యి కాసేపు ఆగింది. అక్కడ అన్ని మలుపులు తిరిగాను కదా అనిపించింది. తిన్నని దారికి ముప్పై ఒకటి ఏమిటి అని కూడా అనిపించింది. అన్నయ్య ఆ దారుల్లో నడవలేదు, పొరపాటు పడి ఉంటాడనుకున్నాను. పోయినవాడి అంకెలు దిద్దడానికి మనసొప్పలేదు. ‘వం’ ఉన్నచోటల్లా ‘వంపులు’ అని అందంగా రాసి, అంకెలు అలాగే ఉంచి, నగురా గారికి నా చేత్తో ఇచ్చాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “పెద్దవాళ్ళ కాళ్ళ గురించి కూడా ఆలోచించారు చూశారా” అన్నారు. కోస్టర్ వెనక, కామెల్లియా పొదల కంచె చాటున, పనిముట్లు మోసే పాత దారి ఒకటి ఉంది. దాన్నే డబ్బు కట్టినవాళ్ళకు ఇద్దామని ఆయన అనుకున్నారట. ఏడు మలుపులున్నాయని ఆ ఆలోచన మానేశారు. మామూలు వరస పక్కనే, ఒక్క వంపు కూడా లేకుండా, తాడు కట్టి తిన్నని దారి వేయించారు. పట్టాలు మార్చే పనివాళ్ళు అదే నెలలో వచ్చారు. అన్నయ్య అడిగినట్టే జరిగిందని నేను ఆయన ఫొటో ముందు చెప్పాను కూడా. అగరుబత్తి వెలిగించి, పెద్ద తోఫు ముక్క పెట్టి.

కోస్టర్ ఏప్రిల్ చివర్లో మళ్ళీ తిరిగింది. నేను మామూలు వరసలో, మధ్యలో నిలబడ్డాను. అన్నయ్య ఎప్పుడూ అలాంటి చోటే నిలబడేవాడు. తాడుకి అవతల ఒక తాత మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. నాలుగు అడుగులకొకసారి మా వైపు తల వంచుతున్నాడు. మనవరాలు ఆయన్ని చూసి తనూ వంచడం మొదలుపెట్టింది. తర్వాత ఒక జంట. ఆ అమ్మాయి టోపీ కళ్ళ మీదికి లాక్కుని దాదాపు పరిగెత్తింది. నా ముందున్న అబ్బాయి వాళ్ళ నాన్నని, “మన వంతు ఎప్పుడు?” అని అడిగాడు. వాళ్ళ నాన్న తాడు వైపు చూశాడు.

టీ వేళకి హికిదా నన్ను బ్రేకు గదిలోకి పిలిచింది. నలభై దాటిన మనిషి, అన్నయ్య దగ్గరే పని నేర్చుకుంది. టీ పోసి ఇచ్చి తన కప్పు అందుకుంది.

“ఒకటి అడగనా అక్కా? ఈ దారి ఇలా వెయ్యమని మా పెద్దాయనే రాశారా?”

“ఆయనే. వంపులు సున్నా ఉండాలన్నాడు. అందుకే తిన్నగా వేశారు.”

“వంపులా?” టీ చల్లారబెడుతున్న ఊపిరి ఆగింది. “నాతో ఎప్పుడూ కంచె వెనక దారే అనేవారు. మూడోది దొరికింది హికిదా, అక్కడైతే ఎవరూ ఎవరికీ కనపడరు అన్నారు. పడమటి పార్కునుంచి వచ్చిన మర్నాడైతే భోజనాల దగ్గర ఇదే కబురు. మా చెల్లెలు ఆ దారిలో నడిచిందో, వరి నాట్లు వేసిందో తెలీలేదే అని. వరసలో నిలబడి లెక్కపెట్టారట.”

“ఏం లెక్కపెట్టాడు?”

“మీరు ఎన్నిసార్లు వంగారో. ముప్పై ఒకటి.”