వదిన చూపించిన కెంపు

మా వదిన పోయిందని పోయిన వారం ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. పెనుకొండలో బస్సెక్కి వెళ్లాను. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. జనంలో నిలబడి మాట్లాడే అలవాటు నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

మాది పట్టునూలుకు రంగులద్దే ఇల్లు. హిందూపురం అవతలి కన్నడ పల్లె నుంచి ఆమె మా అన్న భార్యగా వచ్చింది. వచ్చిన కొత్తలో ఎర్రనూలును కెంపునూలు అంటుంటే ఇంట్లో నవ్వేవాళ్లం. కెంపంటే రాయి కదా అన్నాను నేను.

"మా పక్క ఎరుపునే కెంపంటారప్పా. ముందు రంగు, ఆ పేరే రాయికి పెట్టినారు. మీరు పచ్చరాయిని పచ్చ అంటాలేరా? ఇదీ అట్లే."

బడిలో అయ్యవారు పొద్దుగూకే ఎరుపును కెంజాయ అన్నారు. అందులోని 'కెం' అంటే ఎరుపేనని వదిన చెప్పిన ఆ పూట తెలిసింది నాకు.

తొంభైల్లో ఒక హిందూపురం వ్యాపారి, పెళ్లికూతురి కమ్మలకు పొదగబోయే కెంపు తెచ్చాడు. చీర అచ్చం ఆ రంగే ఉండాలి, కుదరకపోతే ఇక నూలు పంపనన్నాడు. మా ఇల్లు గడిచేది ఆయన నూలుతోనే. అన్న ఆ రాయిని ట్యూబ్‌లైట్ కింద పెట్టుకుని, అది నల్లగా కనపడితే నూలుకూ అంత ముదురుగా అద్దాడు. ఆరితే వక్క రంగు తేలింది. ఇంకొక్క అద్దకానికే నూలు మిగిలింది.

వదిన ఆ రాయిని ఎండలోకి తీసుకెళ్లి తెల్లగుడ్డ మీద పట్టింది. రాయిలోంచి దిగిన వెలుగు గుడ్డ మీద ఎర్రగా పడింది.

"రాయి లోపలికి చూస్తే నలుపే కనపడ్తాది. ఈడ పడింది చూడు, ఇదీ కెంపంటే."

"నాకే రంగులు నేర్పిస్తాండావా?" అన్నాడు అన్న.

"నేర్పించలే. పేరు మాది గదా, చెప్తాండా."

అన్న నూలు తిప్పే కర్ర ఆమె చేతికిచ్చాడు. ఆమె ఆ గుడ్డను పక్కన పెట్టుకుని, తడినూలు నుంచి ఒక్కో పోగు పిండి, ఆరబెట్టి, ఎండలోనే చూస్తూ అద్దింది.

వ్యాపారి వచ్చి దండెం మీది నూలు పక్కన రాయిని పట్టి చాలాసేపు చూశాడు. రెండూ ఒకటేనని తలూపి, ఎవరద్దారని అడిగాడు. పొగడడం ఎరగని మా అన్న, "మా ఇంటామె. కెంపు వాళ్లూరి రంగు" అన్నాడు.

వ్యాపారి వెళ్లిపోయాక కూడా అన్న దండెం దగ్గరే నిలబడ్డాడు. నూలులోంచి దిగిన ఎండకు ఆయన తెల్లపంచె కెంపుగా ఉంది. వదిన అన్నానికి పిలుస్తోంది. ఆయన కదల్లేదు.