ఇంటికో మనిషి

1926 చలికాలంలో నన్ను అరకు కొండల్లోకి వాక్సినేటరుగా వేశారు. అంటే మశూచి టీకాలు వేసే ఉద్యోగిని. మా పైన డెప్యూటీ ఇనస్పెక్టరు, ఆయన పైన హెల్తాఫీసరు, మా కింద ఎవరూ లేరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మొదటి ఊళ్లో టీకాలు సరిగా వేసి చూపిస్తేనే ఖాయమని డెప్యూటీగారు ముందే చెప్పి పంపారు.

అప్పట్లో ఆ కొండల మీదికి రైలు లేదు, మోటారు లేదు, బండిబాట కూడా సగం దాకానే. సర్కారు ఉద్యోగి వస్తే సామాను ఊళ్లవాళ్లే మొయ్యాలి. దాన్ని వెట్టి అనేవారు. కూలి ముట్టదు గనక వాళ్లూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తమ పొలిమేర దాకా మోసి దించేస్తారు, అక్కణ్ణుంచి పక్క ఊరివాళ్లు ఎత్తుకోవాలి. ఒకచోట పొలిమేర ఏ బండరాయి దగ్గరో రెండు ఊళ్లకీ తగువొచ్చింది. అది తేలేదాకా నా మంచం రెండు రాళ్ల మధ్య ఉండిపోయింది. నేను దాని మీద కూర్చుని ఉభయుల వాదనలూ విన్నాను.

ఊరు చేరి, అద్దెకు గది కావాలన్నాను. ఒకరింట్లో ఇంకొకరు డబ్బిచ్చి ఉండడమేమిటో ఊరిపెద్దకు బోధపడలేదు. చివరికి బుద్రి అనే వితంతువు తన ఇంట్లో వీధి గది ఇస్తానంది. లోపలి గదిలో ఆమె, చిన్న కూతురు. అద్దె ఎంతని అడిగాను.

“పైసలేటి సేసుకుంటాను? ఊరి పనికి ఇంటికో మనిషెల్లాల. మా ఇంట మగోడు లేడు. నువ్వెల్లు,” అంది.

ఆ కొండల్లో కలెక్టరునైనా నువ్వే అంటారు. ఊరి పని ఏడాదికోసారి వస్తుంది కాబోలనుకుని, మహా చౌకగా కుదిరిందని మురిసిపోయాను. మర్నాడు పొద్దున్నే ఊరి పనులకు పిలిచే బారికి గుమ్మం ముందు నిలబడి, “బుద్రి ఇల్లూ!” అని కేకేశాడు. ఆ ఇల్లు నేనే.

అడవిపందులకు అడ్డంగా కంచె కట్టాను. పెళ్లివారికి కట్టెలు మోశాను. అమ్మవారి పేర ఒక ఇంట్లో కోడి కోస్తే అన్ని ఇళ్లలోనూ కోయాలట, మా ఇంటి వంతు కోడిని కూడా పట్టుకెళ్లాను. నేను సర్కారువాణ్ణి మొర్రో అంటే ఎవరూ విననే లేదు. ఇంటికో మనిషి రావాలి, ఆ మనిషి ఎవరైతే వాళ్లకేం?

అసలు పని మాత్రం ముందుకు సాగలేదు. నేను గాటు పెట్టే కత్తి బయటికి తీస్తే ఊరు ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి పోయేది. చేతిమీద గాటు పెట్టడమంటే అమ్మవారిని పిలవడమేనని వాళ్ల భయం. ఇంతలో పక్క లోయలో మశూచి పుట్టిందని, పసివాళ్లు పోతున్నారని కబురొచ్చింది. బుద్రి కూతురు రోజూ నా సబ్బుపెట్టెతో ఆడుకునేది. ఆ పిల్లను చూస్తే నాకు అన్నం సహించేది కాదు. పైగా నా దగ్గరి లింఫు పాడైపోయింది. దూడ చర్మం మీద పెంచి తీసిన ఆ టీకా మందు గాజుగొట్టాల్లో వస్తుంది. తడి ఇసుక కుండలో దాచినా ఎక్కువ రోజులు నిలవదు. కొత్త లింఫు పంపమని రాస్తే, తనిఖీకి వస్తూ తానే తెస్తానని డెప్యూటీగారు జవాబిచ్చారు.

ఆయన వచ్చే రోజున బారికి మళ్లీ కేకేశాడు. “బుద్రి ఇల్లూ! దొరొత్తన్నాడు. బేగి రా, బరువెత్తాల.”

వెట్టి వంతు మా ఇంటిదట. ఆ దొర నా పైఅధికారి అని ఊరిపెద్ద దగ్గర మొరపెట్టుకున్నాను. “మరీ మంచిది. తెలిసినోడి బరువు తేలిక,” అన్నాడు.

పొలిమేర దగ్గర పక్క ఊరివాళ్లు దించి వెళ్లిన సామాను కనిపించింది. మడతమంచం, బిందె, ఆవకాయ జాడీ, లింఫు కుండ. కావడి భుజానికెత్తుకున్నాను. డెప్యూటీగారు గొడుగు వేసుకుని ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, మీ ఊళ్లో వాక్సినేటరు ఎలా పనిచేస్తున్నాడోయ్ అని అడిగారు.

“బాగానే చేస్తున్నానండి,” అన్నాను.

ఊరు చేరేదాకా తిడుతూనే ఉన్నారు. శాఖ పరువు గంగలో కలిపానన్నారు. అయితే కావడి దించమని మాత్రం అనలేదు. దించితే ఎత్తేవాడు లేడు మరి. ఊరి నడుమ, అందరి ఎదుటా, నన్ను కొలువులోంచి తీసేస్తున్నట్టు ప్రకటించారు.

ఊరిపెద్ద నావైపు తిరిగాడు. “కొలువు పోతే పోనాది. ఇల్లు పోదు గదా. బరువు మోసిన ఇంటికి కూటంలో మాటుంటాది. ఏటి కావాలో అడుగు.”

మా ఇంటి పిల్లకు టీకా వేస్తానని, అమ్మవారి పేర ఒక ఇంట్లో చేసింది అన్ని ఇళ్లలోనూ చెయ్యాలన్నది మీ కట్టుబాటేనని అన్నాను. పెద్దలు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. వచ్చిపోయేవాడి మాట వేరనీ, ఇల్లున్నవాడు తన ఇంటి మీదికి తానే అమ్మను పిలుచుకోడనీ ఊరిపెద్ద తేల్చాడు. బుద్రి కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ చిన్న చెయ్యి చాపింది. జబ్బ కడిగి, లింఫు చుక్క వేసి, పద్ధతి ప్రకారం నాలుగుచోట్ల గాటు పెట్టాను. తర్వాత ఊరంతా వరస కట్టింది.

అందరి వంతూ అయ్యాక ఊరిపెద్ద డెప్యూటీగారి వైపు చూసి, “నీ సెయ్యి,” అన్నాడు. ఆ పూట ఊళ్లో ఉన్నవాళ్లెవరికీ మినహాయింపు లేదట. ఆయనకూ నిబంధన ప్రకారమే గాట్లు పెట్టాను. కొంచెం లోతుగా పడ్డాయని ఆయన అభిప్రాయం.

అమ్మవారి పని మొదలైతే ఊరు కట్టేస్తారు. టీకా ఎత్తుకుందో లేదో, అంటే గాటు దగ్గర పొక్కు లేచిందో లేదో ఎనిమిదో రోజున చూడాలి గనక అప్పటిదాకా ఎవరూ ఊరు దాటకూడదని దారికి ముళ్లకంప అడ్డం వేశారు. దాటుదామన్నా సామాను మోసే మనిషి దొరకడు. డెప్యూటీగారు నా గదిలోనే దిగారు. తెల్లారి బారికి వచ్చి, నా భుజం వాచి ఉండడం చూసి, ఇంట్లో ఇద్దరు మగవాళ్లున్నప్పుడు అలసట లేనివాడు రావాలన్నాడు. డెప్యూటీగారు టోపీ పెట్టుకుని చేలో చిలకల్ని తోలడానికి వెళ్లారు.

ఎనిమిదో రోజున జబ్బలు చూశాను. ఇంచుమించు అందరికీ పొక్కులు చక్కగా ఎత్తుకున్నాయి. బుద్రి కూతురు తన చెయ్యి ఇంటింటికీ తిప్పి చూపించుకొచ్చింది. ఆనాటి సంతోషం తరవాత ఏ ప్రమోషనులోనూ నాకు కలగలేదు. ఆ వేసవిలో మశూచి మా లోయలోకీ వచ్చింది. చుట్టుపక్కల పిల్లలు చాలామంది పోయారు. మా ఊళ్లో ఒక్కరూ పోలేదు.

ఎత్తుకున్న టీకాల లెక్క చూసుకుని డెప్యూటీగారు, తీసేసిన మాట మళ్లీ ఎత్తకుండానే, నా ఉద్యోగం ఖాయం చేశారు. దాంతోపాటు, కొండల్లో పనిచేసే వాక్సినేటర్లు ఇకమీదట ఎవరి ఇంట్లోనూ గది తీసుకోరాదని, సర్కారే డేరా ఇవ్వాలని సిఫారసు చేశారు. అది వెంటనే మంజూరైంది. తరవాతి ఊళ్లో డేరా వేశాను. ఎవరూ పనికి పిలవలేదు, ఎవరూ చెయ్యి చాపలేదు. ఊళ్లో వంతు లేనివాడి మాట ఊరు వినదని అప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది. ఆ పై ఊళ్లో డేరా మడిచి ఓ మూల పడేసి, ఊరి పనికి మనిషి లేని ఇల్లు ఎక్కడుందని వాకబు చేశాను.